ఉప్పు మీద వేసిన రంగు

నవంబరు 7, శుక్రవారం సాయంత్రం
ఓడల యార్డు హాస్టల్, జపాన్

అక్కకి,

ఇవాళ పొద్దున్న పనిలోకి వెళ్ళగానే మా మొరితా గారు నా చేతిలో ఒక గుండుసూది పెట్టారు. కుంచె కాదు, గ్రైండర్ కాదు, గుండుసూది. ఓడలకి రంగు వేసే చోట గుండుసూదితో ఏం పనో నాకు అంతుపట్టలేదు. ఆ సంగతి చెప్పడానికే భోజనానికి కూడా వెళ్ళకుండా రాయడానికి కూర్చున్నాను. కానీ మీ అందరి క్షేమం అడగకుండా నా గొడవ మొదలుపెడితే ఉత్తరం అనిపించుకోదు కాబట్టి ముందు అడుగుతున్నాను. నువ్వు ఎలా ఉన్నావు? బావగారి నడుం నొప్పి తగ్గిందా? పాప అక్షరాలు దిద్దుతోందా, ఇంకా పలకని తబలాలాగే వాయిస్తోందా? కొవ్వూరులో చలి మొదలైందా? నేను బాగానే ఉన్నాను. ఒంట్లో బాగుంది. రెండు దుప్పట్లు ఇచ్చారు, అడిగితే మూడోది కూడా ఇస్తారట. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

తెలుగు మర్చిపోకుండా నెలకో ఉత్తరం చేత్తో రాయమన్నావు. ఇది నాలుగోది. మర్చిపోవడం మాట అటుంచి, ఇక్కడికి వచ్చాకే నాకు తెలుగు కొత్తగా కనబడుతోంది. నువ్విచ్చిన నోటుపుస్తకంలో ఎడమ పక్క జపాను మాట, కుడి పక్క మన మాట రాసుకుంటున్నాను. మొన్న గాలిలో ఉండే నీటికి పుస్తకంలో ఒక మాట ఇచ్చారు. దాని పక్కన మన మాట రాయబోతే నాలుగొచ్చాయి. గాలికి తేమ, చేతికి చెమ్మ, గోడకి నెమ్ము, బట్టకి తడి. ఏది రాయాలో తోచక నాలుగూ రాసి, ఆ పేజీని పదిసార్లు చూసుకున్నాను. ఇలాంటి వాటికి సంతోషపడుతున్నానని ఎవరికీ చెప్పకు, నవ్వుతారు.

రంగు వేయడం నేర్చుకోవడానికి జపాన్ దాకా వెళ్ళాలా, మన రేవులో నేర్పరా అని బావగారు అన్నారని పోయినసారి చెప్పావు. ఆయనకి చెప్పు, ఇక్కడ రంగు వేయడం చివరి పని. అంతకు ముందున్నదంతా రంగు వేయడానికి ఇనుముని సిద్ధం చేయడమే. రేకు యార్డులోకి వచ్చిన రోజే సన్నని ఇనుప గుళ్ళని దాని మీద జోరుగా కొట్టి పైపొరంతా ఊడగొడతారు. రేకు వెండి పళ్ళెంలా తేలుతుంది. తుప్పు మొదలయ్యే లోపే పల్చగా ఒక పూత వేస్తారు. తర్వాత దాన్ని కోసి, వెల్డింగ్ చేసి, ఇల్లంత పెద్ద ముక్క తయారు చేస్తారు. అలాంటి ముక్కలు ఎన్నో అతికితే ఒక ఓడ. ఆ ముక్క మళ్ళీ మా షెడ్డుకి వస్తుంది. వెల్డింగ్ చేసిన చోట్ల పూత కాలిపోయి ఉంటుంది, కోసిన అంచులు కత్తుల్లా ఉంటాయి. పదును ఉన్న అంచు మీద రంగు నిలవదు, అటూ ఇటూ జారి అక్కడ పల్చబడుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని ప్రతి అంచునీ గ్రైండర్‌తో మూడుసార్లు తిప్పి గుండ్రంగా చేయాలి. చెయ్యి పోనిస్తే గాజు గ్లాసు అంచులా నున్నగా తగలాలి. ఉత్త చెయ్యి కాదు, గ్లవుజు చెయ్యి. ఉత్త చేత్తో రేకు ముట్టుకుంటే పెద్ద తప్పు. మన చేతి చెమటలో కూడా ఉప్పు ఉంటుందంటారు.

ఆ తర్వాత దుమ్ము ఉందేమోనని టేపు అతికించి పీకి చూస్తారు. ఉప్పు ఉందేమోనని రేకు మీద చిన్న తిత్తి లాంటిది అంటించి, అందులోకి సిరంజితో శుభ్రమైన నీళ్ళు ఎక్కించి, మళ్ళీ లాగి, ఆ నీళ్ళని మీటరులో పోసి కొలుస్తారు. మన వంటింట్లో ఒక చిటికెడు తీస్తామే, చదరపు మీటరు రేకు మీద అంత ఉప్పు ఉన్నా ఆ ముక్కని వెనక్కి పంపేస్తారు. అన్నీ కుదిరాక కూడా వాతావరణం ఒప్పుకోవాలి. గాలిలోని తేమ మంచుగా దిగే వేడి ఎంతో లెక్క కట్టి, రేకు దానికన్నా మూడు డిగ్రీలైనా వేడిగా ఉంటేనే డబ్బా మూత తీస్తారు. లేకపోతే అందరం చేతులు కట్టుకుని కూర్చోవడమే. పోయిన వారం ముసురు పట్టి రెండు రోజులు అలాగే కూర్చున్నాం. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

నాకిచ్చిన పని సన్న కుంచెతో అంచులకీ, వెల్డింగ్ గీతలకీ, చిల్లుల చుట్టూ ముందుగా ఒక పూత వేయడం. ఆ తర్వాత పెద్దవాళ్ళు గన్నుతో మొత్తం కొడతారు. నా గదిలో ఉండే గణపతి శ్రీకాకుళం కుర్రాడు, వెల్డింగ్ పని. నేను వంగి కూర్చుని కుంచె ఆడిస్తుంటే చూసి, ఏటి రాంబాబూ, ఇనుముకి కాటిక పెడతన్నావా, దిష్టిచుక్క కూడా పెట్టేయ్ అని వెళ్ళాడు. ఆ రోజు నుంచి వాళ్ళ షెడ్డంతా నన్ను చూసి కాటుక పెట్టినట్టు కళ్ళ కింద వేలు తిప్పి చూపిస్తారు.

ఇంకో అలవాటు ఉంది ఇక్కడ. ఏ పని చూసుకున్నా వేలు పెట్టి చూపించి, పైకి చెప్పాలి. అంచు, యోషి. దుమ్ము, యోషి. యోషి అంటే సరిగ్గా ఉంది అని. పక్కన ఎవరూ లేకపోయినా చెప్పాలి. మొదటి నెల సిగ్గుపడి నోట్లోనే గొణుక్కునేవాణ్ణి. మొరితా గారు నా వెనకాల నిలబడి మళ్ళీ చెప్పించేవారు. ఆయనకి అరవై దాటాయి, మా గుంపుకి పెద్ద. నవ్వడం తక్కువ గానీ తిట్టడం అసలు లేదు. నాకు భాష అందకపోతే సుద్దముక్కతో రేకు మీద బొమ్మ గీసి చెబుతారు.

ఇక గుండుసూది సంగతి.

ఇవాళ మమ్మల్ని కొత్త ఓడ దగ్గరికి కాకుండా రిపేరుకి వచ్చిన ఒక పాత ఓడలోకి తీసుకెళ్ళారు. సరుకు లేనప్పుడు ఓడ మరీ తేలిపోకుండా సముద్రం నీళ్ళు నింపుకునే తొట్టెలు దాని కడుపులో ఉంటాయి. అలాంటి ఒక తొట్టెలోకి నిచ్చెన మీద దిగాం. టార్చి వేస్తే గోడలన్నీ బాగానే ఉన్నాయి. ఒక మూల మాత్రం ఆటలమ్మ పోసిన ఒంటిలా చిన్న చిన్న బొబ్బలు. రంగు ఎక్కడా చిరగలేదు, మెరుస్తూనే ఉంది, లోపల్నుంచి ఉబ్బింది. పొడవమని మొరితా గారు సైగ చేశారు. పొడిచాను. ఒక్క చుక్క నీరు కారింది. నేను వేలితో తీసి నాలుక మీద పెట్టుకోబోయాను. ఏ నీళ్ళైనా నాలుకతో చూడడం మన నాన్నగారి నుంచి వచ్చిన అలవాటే కదా. ఆయన గబుక్కున నా మణికట్టు పట్టుకున్నారు. జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి ఆ చుక్కకి అద్దితే రంగు మారింది. "షియో" అన్నారు. ఉప్పు. ఆ బొబ్బని గీకితే కింద రేకు నల్లగా, గుంటలు పడి ఉంది.

తర్వాత ఆయన గోడ మీద సుద్దతో గీసి చెప్పారు. రంగు అంటే గోడ కాదట, మనం అలా అనుకుంటాం గానీ అది బట్టలాంటిదట. దాని కింద ఉప్పు చిక్కుకుంటే ఆ ఉప్పు బయటి నీటిని రంగులోంచి తనవైపు లాక్కుంటుంది. బయటి నీరు ఎంత మంచినీరైతే అంత జోరుగా లాగుతుంది. రంగు వేసిన రోజు కంటికి ఏమీ కనబడదు. ఆ రోజు అందరూ యోషి అనే ఉంటారు అన్నారు. ఇది ఎవరి పని అని నేను అడిగాను. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో తప్పుల తడకగా అడిగాను. రికార్డుల్లో దొరకదు, ఆ రోజు రంగుకి ముందు కడగడానికి నీళ్ళ గొట్టం పట్టుకున్నవాడికి మాత్రం తెలుసు అన్నారు ఆయన.

అక్కా, నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపల గాలి ఆడక అనుకుని ఆయన నన్ను ముందు పైకి ఎక్కించారు.

ఎందుకో చెబుతాను. నువ్వు దసరాకి వెళ్ళి వచ్చాక మన రేవులో జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. పోయిన ఆదివారం ఫోన్లో అమ్మ నాకు చెప్పింది, అదీ నాన్నగారు బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి చెప్పింది. లంకకి జనాన్ని దాటించే సత్తిబాబు గారి ఇనుప బోటు ఉంది కదా, వేసవిలో మనమే రంగు వేశాం. పాటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఒడ్డున బోటు ఒక పక్కకి ఒరిగితే, కింద రంగంతా బొబ్బలెక్కి కనబడిందట. మూడేళ్ళు చూసుకోనక్కర్లేదని నాన్నగారు ఆయనకి మాటిచ్చి ఉన్నారు. ఆరు నెలలు కాలేదు. రేవులో పదిమంది ముందు సత్తిబాబు గారు అడిగితే నాన్నగారికి తల కొట్టేసినట్టయింది. ఆయన తిరిగి ఏసోబు మావయ్య మీద పడ్డారు. డబ్బాలో సగానికి సగం థిన్నర్ కలిపి, మిగిల్చిన రంగు అమ్ముకుని యానాంలో తాగేసి ఉంటాడని అందరూ వింటుండగా అనేశారు. మావయ్య "నేను కలపలేదండి" అన్నాడట. అంతే. చేతిలో కుంచె బోటు అంచు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడట. మళ్ళీ పనిలోకి రాలేదు.

నాన్నగారి పక్కన ఇరవై ఏళ్ళు కుంచె పట్టిన మనిషి. నాకు కుంచె ఎలా తడపాలో, ఎలా పిండాలో నేర్పింది ఆయనే. తాగుడు మానేసి ఎనిమిదేళ్ళయింది. చర్చిలో నిలబడి అందరి ముందు చెప్పి మానేశాడు. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున్నే వెళ్ళి చాపలు పరిచేది ఆయనే. ఇప్పుడు రెండు ఆదివారాలుగా చర్చికి కూడా వెళ్ళడం లేదట, అరుగు మీద కూర్చుంటున్నాడట. దానమ్మ అత్త రేషన్ కొట్టు దగ్గర అమ్మని పట్టుకుని ఒక్కటే అడిగిందట. "వదినగారూ, మా ఆయన తాగడం మీరు చూశారాండి?" అమ్మ సంచి పట్టుకుని వచ్చేసింది.

ఆదివారం అది విన్నప్పుడు నేను కూడా, అక్కా, మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడేమో అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను. ఐదు రోజులు అలాగే అనుకున్నాను. ఇవాళ ఆ చుక్క చూసేదాకా.

ఆ బోటు కడిగింది నేను.

మే నెల. ధవళేశ్వరంలో కాలవలు కట్టేశారు, ఊళ్ళో మంచినీళ్ళకి కటకట. బోటుని ఒడ్డుకి ఎక్కించి, తుప్పు గీకి, బ్రష్ కొట్టి, ఇక రంగు వేయడానికి ముందు కడగాలి. వేసవిలో రేవులో నీళ్ళు ఉప్పన కదా, పోటు వస్తే సముద్రమే లోపలికి వచ్చినట్టు. అందుకని పంచాయతీ ట్యాంకు నుంచి రెండు డ్రమ్ముల మంచినీళ్ళు తోపుడుబండి మీద తెచ్చి కడగమని నాన్నగారు నాకు చెప్పి, ఆయనా మావయ్యా రంగు కొనడానికి యానాం వెళ్ళారు. ట్యాంకు దగ్గరికి వెళ్తే బిందెల వరస రోడ్డు దాకా ఉంది. నాకు పదింటికి బస్సు. రాజమండ్రిలో జపాను క్లాసు, ఆ రోజు పరీక్ష. అప్పటిదాకా ఒక్క క్లాసు మానలేదని మేడం అందరి ముందు మెచ్చుకున్నారు. ఆ మెప్పు పోతుందని భయపడ్డాను. బండి వెనక్కి తిప్పుకుని వచ్చి, పోటు మీద ఉన్న గోదారిలోంచి బకెట్లతో తోడి బోటంతా కడిగేశాను. నీళ్ళు నీళ్ళే కదా, ఎండకి ఆరిపోతాయి కదా అనుకున్నాను. నేను వెళ్ళేసరికి నిజంగానే ఆరిపోయింది. శుభ్రంగా ఉంది. బస్సు అందింది. పరీక్షలో మొదటి స్థానం వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు పెన్ను కొనిచ్చావు. ఆ పెన్నుతోనే ఇది రాస్తున్నాను.

సాయంత్రం నాన్నగారు బోటు చుట్టూ తిరిగి చూసి అడిగారు. "మంచినీళ్ళేనా?" నేను "అవునండి నాన్నగారూ" అన్నాను. మావయ్య పక్కనే డబ్బా మూత తీస్తున్నాడు. ఆయన నా వంక ఒకసారి చూశాడు. బండిలో డ్రమ్ములు పొడిగా ఉండడం చూశాడో లేదో నాకు తెలియదు. పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఆయన చూసి ఉంటే, రేవులో అంతమంది ముందు అన్ని మాటలు పడుతూ కూడా నా పేరు ఎత్తలేదన్నమాట. చూడకపోయి ఉంటే, ఎందుకు ఇలా అయిందో తెలియకుండానే అరుగు మీద కూర్చున్నాడన్నమాట. ఈ రెంటిలో ఏది తక్కువ బాధో నాకు తేలడం లేదు.

వేసవంతా ఉప్పునీళ్ళలో ఉన్న బోటు జూలై వరదలకి మంచినీళ్ళలో పడింది. అప్పటికి నేను ఇక్కడికి వచ్చేశాను. మొరితా గారు చెప్పినట్టే జరిగింది. రంగులో తప్పు లేదు, థిన్నర్‌లో తప్పు లేదు. కింద నేను వదిలిన ఉప్పు వరద నీళ్ళని తాగింది.

మధ్యాహ్నం నుంచి పని ఎలా చేశానో తెలియదు. అంచు మీద వేలు పెట్టి, యోషి అనకుండానే పక్క అంచుకి వెళ్ళిపోయాను. మొరితా గారు ఒంట్లో బాగోలేదా అని అడిగి వేడి టీ డబ్బా ఒకటి కొనిచ్చారు. ఆయనకి చెప్పడానికి నాకు మాటలు లేవు. ఇన్ని మాటలు పుస్తకంలో రాసుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు.

పని దిగగానే నాన్నగారికి ఫోన్ చేశాను. అక్కడ ఒంటిగంటన్నర, భోజనం చేసి కూర్చున్నారు. ముందు వాతావరణం అడిగారు, తిండి అడిగారు. చెప్పేశాను. బోటు నేను పోటు నీళ్ళతో కడిగానండి, ట్యాంకు నీళ్ళు తేలేదండి, మావయ్య తప్పేమీ లేదండి అని ఒకే ఊపిరిలో చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండును. నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడారు.

"మీ అమ్మ నీకు చెప్పేసిందన్నమాట. నీకు చిన్నప్పటి నుంచీ ఏసోబంటే ప్రాణం, నాకు తెలుసు. అంత దూరంలో ఉండి ఇయ్యన్నీ నెత్తినేసుకోకురా."

నిజం చెబుతున్నానండి అన్నాను.

"నేను అడిగాను, నువ్వు మంచినీళ్ళే అన్నావు. నా కొడుకు నా మొహం మీద అబద్ధం ఆడడు. వాణ్ణి కాయడానికి ఇప్పుడు ఆడుతున్నావు. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకు, నాకు చిన్నతనం."

మళ్ళీ చెప్పబోయాను. జాగ్రత్తగా ఉండమని, చలికి చెవులు కప్పుకోమని చెప్పి పెట్టేశారు. తర్వాత రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. నీకు మూడుసార్లు చేశాను, స్కూల్లో ఉండి ఉంటావు.

నాన్నగారు నన్ను తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నమ్మకపోతే ఏం చేయాలో తెలియడం లేదు. నేను ఆడింది ఒక్క అబద్ధం. ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నారు, నిజం లోపలికి రానివ్వడం లేదు. ఇక్కడ ఉండి నేను ఏం చేయగలను? రేవుకి వెళ్ళి బోటు పక్కన నిలబడలేను. సత్తిబాబు గారి ముందు, ఆ పదిమంది ముందు నా నోటితో చెప్పలేను. ఇక్కడి ఒప్పందం మూడేళ్ళు, అది అయ్యేదాకా కదలడానికి లేదు. ఈ నెల్లోనే పరీక్ష కూడా ఉంది, చదవాలి, పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి.

బోటు గురించి భయపడవద్దు. రేకు మందంగానే ఉంది, ఇప్పట్లో దానికేమీ కాదు. కార్తీకం పోయి జనం తగ్గాక ఒడ్డుకి ఎక్కించి, బొబ్బలున్న చోటల్లా ఇనుము దాకా గీకి, మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి, మంచు పూర్తిగా విడిచాక, ఎండెక్కాక రంగు వేయాలి. పొద్దున్నే వేయకూడదు. ఇది నాన్నగారికి చెబితే తెలిసిందే చెబుతున్నావంటారు. నిజమే, ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే మంచినీళ్ళు తెమ్మన్నారు. గీకినప్పుడు ఒక బొబ్బ పొడిచి నీళ్ళు చూస్తే ఆయనకే అర్థమవుతుంది. కానీ దానికి ఇంకో నెల పడుతుంది. మావయ్య ఇంకో నెల అరుగు మీద కూర్చోవాలా?

అందుకే ఇది ఫోన్లో చెప్పకుండా కాగితం మీద రాశాను. ఫొటోలు తీసి ఇప్పుడే నీకు వాట్సాప్‌లో పంపుతున్నాను, కాగితం రేపు పోస్టులో వేస్తాను. నా సంతకం ఉన్న కాగితం సత్తిబాబు గారికి చూపించవచ్చు. నాన్నగారికి చిన్నతనం అవుతుందని నాకు తెలుసు. ఆయన మొహం తలుచుకుంటే రాసింది చింపేయాలనిపిస్తోంది. రెండుసార్లు చింపేశాను కూడా, ఇది మూడోది. గణపతి చూసి, ప్రేమలేఖా అని అడిగాడు. మా అక్కకి రా అంటే, అయితే తప్పేదో చేసుంటావు అన్నాడు. వాడికి తెలియకుండానే సరిగ్గా అన్నాడు.

నాకు ఏమీ పంపవద్దు. అమ్మ చేసిన ఉసిరికాయ పచ్చడి ఇంకా సగం సీసా ఉంది. ఇక్కడి అన్నం కొంచెం అతుక్కుంటుంది గానీ పచ్చడితో బాగానే పోతుంది. బావగారికి నా నమస్కారాలు. పాపకి ముద్దులు. అమ్మని, నేను బాగున్నానని, వేళకి తింటున్నానని చెప్పి నమ్మించు. నాన్నగారి పాదాలకి నమస్కరించానని చెప్పు. ఆయన ఆశీర్వాదం ఇప్పుడు అడగను, ఆయనకి నా మీద కోపం వచ్చాక అడుగుతాను. నీది మాత్రం ఇప్పుడే కావాలి, అక్కా.

రేపు రెండో శనివారం, నీకు సెలవు. నాకు కూడా పన్నెండుకల్లా పని అయిపోతుంది. నువ్వు ఐదున్నరకి వంతెన దాటి రాజమండ్రిలో యానాం బస్సు ఎక్కితే తొమ్మిదికల్లా ఊళ్ళో ఉంటావు. మన ఇంటికి వెళ్ళకు. ముందు ఏసోబు మావయ్య ఇంటికి వెళ్ళు. ఆయన పక్కన అరుగు మీద కూర్చో, దానమ్మ అత్తని కూడా పిలువు. నేను సరిగ్గా తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తాను. ఫోన్ ఆయన చేతికి ఇచ్చి, అత్తకి కూడా వినబడేలా స్పీకర్ పెట్టు. ఆయన వద్దంటే బలవంతం చేయకు, ఫోన్ అరుగు మీద పెట్టి ఉంచు చాలు. జరిగిందంతా నేనే చెబుతాను. చెప్పడం అయ్యాక ఆయన వస్తానంటే, ఇద్దరూ కలిసి నాన్నగారి దగ్గరికి వెళ్ళండి. రానంటే నువ్వొక్కదానివే వెళ్ళి, ఈ ఉత్తరం ఆయన ఎదురుగా నిలబడి మొదటి నుంచి చివరిదాకా పైకి చదువు.

నీ తమ్ముడు
రాంబాబు